'లూసీ అండ్ డెజీ' డాక్యుమెంటరీ అయింది, ఇక 'ఐ లవ్ లూసీ' ఎలా చూడాలి? ప్రింట్, టీవీ సెట్టింగులు, ఎపిసోడ్లు

గోదారిగట్టు అడిగిన ప్రశ్న:

ఎయిమీ పోలర్ డైరెక్ట్ చేసిన 'లూసీ అండ్ డెజీ' (2022) చూడటం అయింది. ఇప్పుడు అసలు సీరీస్ 'ఐ లవ్ లూసీ' (భార్యాభర్తలు లూసిల్ బాల్, డెజీ ఆర్నాజ్ నటించిన 1950ల అమెరికన్ కామెడీ) పట్టుకుందామంటే నాలుగు చిక్కులొచ్చాయి.

ఒకటి, మొత్తం 180 ఎపిసోడ్లు. వరసగా చూడాలా, ఏరుకుని చూడాలా?

రెండు, 55 అంగుళాల టీవీలో మనుషులు పొట్టిగా, లావుగా కనబడుతున్నారు. జూమ్ పెడితే తలలు తెగుతున్నాయి. పైగా కదలికలు మన డైలీ సీరియల్ లాగా నున్నగా జారిపోతున్నాయి. 1951 నాటి రీలు చూస్తున్నట్టే లేదు.

మూడు, నవ్వులు మాటల్ని మింగేస్తున్నాయి. అవి అసలు నవ్వులేనా, తర్వాత అతికించినవా?

నాలుగు, డాక్యుమెంటరీ చూశాక మూడు కెమెరాల పద్ధతి డెజీ ఆర్నాజే కనిపెట్టాడేమో, రీరన్లు (పాత ఎపిసోడ్లే మళ్లీ వేయడం) కూడా వీళ్ల పుణ్యమేనేమో అనిపించింది. ఎంతవరకు నమ్మొచ్చు?

ఇలాగే డాక్యుమెంటరీ, సీరీస్ కలిపి చూసుకోదగ్గ జోడీలు ఇంకేమైనా ఉంటే అవీ చెప్పండి.

---

మూడోకెమెరా:

బొమ్మ సంగతి ముందు తేల్చుకోండి. అది సరిగ్గా లేకపోతే ఏ ఎపిసోడ్ పెట్టుకున్నా ఒకటే.

'ఐ లవ్ లూసీ' తీసింది 35 ఎంఎం ఫిల్మ్ మీద, సెకనుకు 24 ఫ్రేములు, 4:3 చట్రంలో. మీ 55 అంగుళాల టీవీ తెర వెడల్పు దాదాపు 122 సెం.మీ., ఎత్తు 68 సెం.మీ. పైచిలుకు. అందులో 4:3 బొమ్మ సరిగ్గా కూర్చుంటే వెడల్పు 91 సెం.మీ. ఉంటుంది, రెండు పక్కలా 15 సెం.మీ. చొప్పున నల్ల పట్టీలు ఉంటాయి. టేపు పెట్టి కొలిచి చూడండి. పట్టీలు లేకుండా తెర నిండిందంటే రెండే కారణాలు: బొమ్మను అడ్డంగా సాగదీశారు (మనుషులు మూడో వంతు లావెక్కుతారు), లేదా పైనా కిందా కోసేశారు (ఎత్తులో పావు వంతు పోతుంది).

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. స్ట్రీమింగ్ యాప్‌లు మామూలుగా నల్ల పట్టీలను బొమ్మలోనే కలిపి 16:9గా పంపిస్తాయి. అప్పుడు టీవీలో 4:3 అని పెడితే ఉన్న బొమ్మే ఇంకా నొక్కుకుపోయి మనుషులు సన్నగా, పొడుగ్గా అయిపోతారు. కాబట్టి యాప్ నుంచి చూస్తుంటే టీవీలో 16:9 ఉంచాలి. ఎల్‌జీలో 'ఒరిజినల్' పెట్టినా సరే. పాత డీవీడీ ప్లేయర్ నుంచి వచ్చే 4:3 సిగ్నల్‌కి మాత్రమే టీవీలో 4:3 ఎంచుకోవాలి. సరిపోయిందో లేదో చూడటానికి సీన్‌లో గోడ గడియారమో, భోజనాల బల్ల మీద పళ్లెమో ఎదురుగా కనబడే షాట్ దగ్గర ఆపండి. గుండ్రంగా ఉంటే చాలు.

కదలికలు జారిపోతున్నాయంటే అది మోషన్ స్మూతింగ్. టీవీ తనంతట తాను మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి చూపిస్తోంది. శామ్‌సంగ్‌లో 'పిక్చర్ క్లారిటీ' (పాత మోడళ్లలో 'ఆటో మోషన్ ప్లస్'), ఎల్‌జీలో 'ట్రూమోషన్', సోనీలో 'మోషన్‌ఫ్లో'. వీటిని పూర్తిగా ఆపేయండి. ఒక్కో యాప్‌కి, ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి సెట్టింగ్ విడిగా ఉండే టీవీలున్నాయి కాబట్టి సీరీస్ నడుస్తుండగానే మెనూ తెరిచి మార్చండి.

ఆ తర్వాత షార్ప్‌నెస్ బాగా తగ్గించి నాయిస్ రిడక్షన్ ఆపండి. ఫిల్మ్ గ్రెయిన్‌ని (ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్న చుక్కల్ని) టీవీ దుమ్మనుకుని తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. కలర్ టెంపరేచర్ 'కూల్'లో ఉంటే తెలుపు నీలంగా కొడుతుంది, నలుపు తెలుపు బొమ్మలో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 'వార్మ్'లో పెట్టండి. మొదటి పది నిమిషాలు పసుపుగా అనిపిస్తుంది, తర్వాత కన్ను సర్దుకుంటుంది.

జూమ్ వద్దని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఈ సీరీస్ తీసిన తీరు. మూడు కెమెరాలూ ఒకేసారి తిరుగుతాయి. నడిమిది మొత్తం సెట్‌ని పడుతుంది, పక్కవి రెండూ దగ్గరి షాట్లు తీసుకుంటాయి. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్, జర్మనీలో 'మెట్రోపొలిస్'కి పనిచేసిన మనిషి. నేల మీద లైట్ స్టాండ్లుంటే కెమెరా బళ్లకు అడ్డమని దీపాలన్నీ పైనుంచే కట్టించి, ఏ కోణం నుంచి చూసినా పనికొచ్చేలా వెలుతురు సమంగా పరిచాడు. అందుకే ఇందులో నీడల అందం తక్కువ. దానికి బదులు మనిషి నఖశిఖ పర్యంతం కనబడుతూ చేసే ఆట ఉంటుంది. 'జాబ్ స్విచింగ్' అనే ఎపిసోడ్‌లో చాక్లెట్ ఫ్యాక్టరీ బెల్టు ఫ్రేములో కింది సగంలో నడుస్తుంది. జూమ్ పెడితే చేతుల ఆట సగం పోయి, నోట్లో కుక్కుకునే ముఖాలే మిగులుతాయి.

---

నిర్మొహమాటి:

నాలుగో ప్రశ్నకి నా జవాబు. ముందుగా, సీరీస్ చూశాక డాక్యుమెంటరీ చూడటం మంచి వరస. మీది తిరగబడింది, పర్లేదు. పది పదిహేను ఎపిసోడ్లు అయ్యాక ఇంకోసారి డాక్యుమెంటరీ పెట్టండి, వేరే సినిమాలా కనబడుతుంది.

మూడు కెమెరాల సంగతి. ప్రేక్షకుల ముందు ఒకటికి మించి ఫిల్మ్ కెమెరాలతో తీయడం 'ఐ లవ్ లూసీ'కి ముందే ఉంది. 1950లోనే 'ట్రూత్ ఆర్ కాన్సిక్వెన్సెస్' అనే ఆటల కార్యక్రమాన్ని అలా తీశారు. ఆ పనిలో ఉన్న ఆల్ సైమన్‌నే తర్వాత లూసీ, డెజీల సొంత కంపెనీ డెజీలూ తెచ్చుకుంది. డెజీ, ఫ్రాయిండ్, రచయిత-నిర్మాత జెస్ ఒప్పెన్‌హైమర్ బృందం చేసింది వేరు. ఒక కథని నాటకంలా మొదట్నుంచి చివరిదాకా, దాదాపు 300 మంది ప్రేక్షకుల ముందు, 35 ఎంఎం మీద, వారం వారం తీయగలిగే యంత్రాంగాన్ని నిలబెట్టారు. అది తక్కువ పనేం కాదు. 'కనిపెట్టాడు' అనే మాట మాత్రం ఎక్కువ.

ఫిల్మే ఎందుకు అన్నదాని వెనక భూగోళం ఉంది. అప్పటి టీవీ జనం ఎక్కువగా అమెరికా తూర్పు వైపున ఉన్నారు. స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీకి న్యూయార్క్ నుంచి లైవ్ కావాలి. లూసీ, డెజీలకు లాస్ ఏంజెలెస్ వదలడం ఇష్టం లేదు. అక్కణ్ణుంచి లైవ్ చేస్తే తూర్పు వాళ్లకు చేరేది కినెస్కోప్, అంటే టీవీ తెరని ఫిల్మ్ కెమెరాతో తీసిన మసక బొమ్మ. ఫిల్మ్ మీదే తీస్తే దేశమంతా ఒకే నాణ్యత. కాకపోతే ఖర్చెక్కువ. ఆ ఖర్చుకి బదులుగా దంపతులు వారానికి 1000 డాలర్లు జీతం తగ్గించుకుని, ఫిల్ముల మీద హక్కు తమ కంపెనీకి రాయించుకున్నారు. అసలు డబ్బు అక్కడుంది. తర్వాత ఆ పాత ఎపిసోడ్లను సీబీఎస్ లక్షల డాలర్లు పోసి కొనుక్కుంది. 1957 చివరికల్లా డెజీలూ ఏకంగా ఆర్‌కేవో స్టూడియోలనే కొనేసింది.

రీరన్ ఇంకో సగం నిజం. టీవీలో ఫిల్ములు మళ్లీ వేయడం అంతకుముందూ ఉంది. 1952-53లో లూసిల్ బాల్ గర్భంతో, బాలింతగా ఉన్న రోజుల్లో కొత్తవి సరిపోక పాత ఎపిసోడ్లకు ముందు ఓ చిన్న కొత్త సీన్ జోడించి 'అప్పుడేమైందో గుర్తుందా' అన్నట్టు మళ్లీ వేశారు. జనం మళ్లీ చూశారు. పాత ఎపిసోడ్ కూడా ఆస్తేనని పరిశ్రమకు అర్థమైంది.

ఇక మీడియా మనుషుల మీద వచ్చే ఏ డాక్యుమెంటరీకైనా పనికొచ్చే తనిఖీ. చివరి టైటిల్స్ దగ్గర ఆపి 'ఆర్కైవ్ ఎవరిది' అన్నది చదవండి. 'లూసీ అండ్ డెజీ'లో పాత టేపులు, ఇంటి వీడియోలు వచ్చింది కూతురు లూసీ ఆర్నాజ్ వైపు నుంచి. ఆమె తెర మీదా కనబడుతుంది. డెజీ 1986లో, లూసిల్ 1989లో పోయారు. కాబట్టి మనం వినే వాళ్ల గొంతులు పాత రికార్డింగులు. ఏ సంవత్సరంలో, ఎవరికి చెప్పిన మాట అన్నది పట్టించుకోవాలి. 1960లో విడాకులయ్యాయి. ఆ తర్వాత మెత్తబడి చెప్పిన మాటకీ, పెళ్లి సాగుతుండగా పత్రికకి చెప్పిన మాటకీ బరువు ఒకటి కాదు.

రెండోది, సీరీస్ క్లిప్పులని జీవితానికి సాక్ష్యంగా వాడటం. భార్యాభర్తల గొడవ గురించి ఎవరో చెబుతుంటే తెర మీద రికీ (సీరీస్‌లో డెజీ పాత్ర, లూసీ భర్త) లూసీ మీద అరుస్తుంటాడు. అది రాసింది మాడెలిన్ ప్యూ, బాబ్ క్యారల్ జూనియర్, ఒప్పెన్‌హైమర్. ఇంటి గొడవ కాదు, స్క్రిప్టు. మూడోది, పాత ఇంటి ఫిల్ములకు మామూలుగా శబ్దం ఉండదు. కెరటాల హోరు, పిల్లల కేరింతలు వినబడితే ఎడిటింగ్ బల్ల మీద కలిపినవేనని అనుకోండి.

పోలర్ సినిమా మీద నా అభిప్రాయం అడిగితే: ప్రేమ కథ బాగా కుదిరింది, కంపెనీ కథ ఫర్వాలేదు, రచయితల వాటా పలుచన. కుటుంబం తాళాలిస్తే వచ్చే డాక్యుమెంటరీ ఇలాగే ఉంటుంది. ఆ తాళాలు లేకపోతే ఆ టేపులూ ఉండవు, అదీ నిజమే. 1993లో కూతురూ అల్లుడూ కలిసి తీసిన 'లూసీ అండ్ డెజీ: ఎ హోమ్ మూవీ' దొరికితే చూడండి. అదీ ఇంటివాళ్లదే అయినా తాగుడు, తగాదాల దగ్గర ఇంకాస్త సూటిగా ఉంటుంది.

'బీయింగ్ ది రికార్డోస్' (2021) డాక్యుమెంటరీ కాదు, కల్పించిన సినిమా. గర్భం వార్త (1952), లూసిల్ మీద కమ్యూనిస్టు ఆరోపణ (1953), డెజీ మీద పత్రిక రాసిన కథ (1955), ఈ మూడింటినీ ఒకే వారంలోకి కుదించేశారు. తేదీల కోసం దాన్ని నమ్ముకోవద్దు.

---

గోదారిగట్టు:

నిర్మొహమాటి గారూ, మూడోకెమెరా గారూ, ధన్యవాదాలు. స్మూతింగ్ ఆపేశాక నిజంగానే వేరే సీరీస్‌లా ఉంది. సౌండ్ గొడవ మాత్రం అలాగే ఉంది. సౌండ్‌బార్‌లో 'సరౌండ్', 'నైట్ మోడ్', 'డైలాగ్ బూస్ట్' మూడూ వేసి చూశాను, ఏదీ కలిసి రాలేదు. ఇంకో అనుమానం: ఒకచోట ఎపిసోడ్ 22 నిమిషాలు, ఇంకోచోట 26 నిమిషాలు చూపిస్తోంది. ఏది అసలుది?

---

డబ్బారేడియో:

మీరు వేసిన ఆ మూడింటి వల్లే కలిసి రావట్లేదు. మూడూ తీసేయండి.

ఇది మోనో. మాట, సంగీతం, నవ్వు అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోయి ఉన్నాయి. 'సరౌండ్' పెడితే సౌండ్‌బార్ దాన్ని పక్కలకు చిమ్మి కొంచెం గూంజు కలుపుతుంది. అప్పుడు నవ్వు గది నిండా పరుచుకుని మాట పలచబడుతుంది. 'నైట్ మోడ్' చిన్న శబ్దాలను పెంచి పెద్దవాటిని నొక్కుతుంది. దాంతో నవ్వు తోకలు, ఫిల్మ్ సుయ్‌మనే చప్పుడు మాటతో సమానంగా పైకి లేస్తాయి. 'డైలాగ్ బూస్ట్' గొంతు పలికే మధ్య స్థాయిని ఎత్తుతుంది, కానీ 300 మంది నవ్వూ గొంతులే కదా, అదీ అక్కడే ఉంటుంది. 'స్టాండర్డ్' లేదా 'స్టీరియో' పెట్టి, బాస్ రెండు మూడు గీతలు తగ్గించి, సబ్‌వూఫర్ విడిగా ఉంటే దాన్నీ బాగా దించండి. ఈ రికార్డింగుల్లో కింది స్థాయిలో ఉండేది గురగుర తప్ప పనికొచ్చే శబ్దం తక్కువ. టీవీ సొంత స్పీకర్లు కాస్త బాగుంటే ఈ సీరీస్‌కి సౌండ్‌బార్ కట్టేయడమే మేలు.

నవ్వులు నిజమైనవే. సెట్ ముందు మెట్ల వరసల మీద కూర్చున్న జనానివి. షూటింగ్‌కి ముందు డెజీయే వచ్చి వాళ్లని హుషారు చేసేవాడు. లూసిల్ తల్లి కూడా ఎక్కువగా ప్రేక్షకుల్లోనే ఉండేది. లూసీ ఏదో గోతిలో కాలు పెట్టబోతోందనగా 'అ...ఓ!' అని ఒక ఆడ గొంతు వినబడితే అది ఆవిడదే. డబ్బా నవ్వు వేరే సంగతి. చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీర్ 1950లలో తయారుచేసిన పెట్టెలోంచి మీటలు నొక్కి వేసేవాళ్లు. రెండిటికీ తేడా పట్టడం తేలిక. అసలు నవ్వు ఆలస్యంగా మొదలై, సగంలో తగ్గి, నటి కనుబొమ్మ ఎత్తగానే మళ్లీ లేస్తుంది. పెట్టె నవ్వు ప్రతిసారీ ఒకే పొడవు.

ఇందుకే 1.25 వేగంతో చూడొద్దని చెబుతాను. నటులు నవ్వు తగ్గేదాకా ఆగి, సరిగ్గా తగ్గుతుండగా తర్వాతి మాట అందుకుంటారు. స్పీడు పెంచితే ఆ ఆగడం పోతుంది, మిగిలేది అరుపులు.

22, 26 సంగతి: అసలు నిడివి 25-26 నిమిషాలు. స్థానిక చానళ్లలో మళ్లీ వేసినప్పుడు ప్రకటనలకు చోటు కోసం మూడు నాలుగు నిమిషాలు కోసేసినవే ఆ 22 నిమిషాలవి. తలుపు దగ్గర పలకరింపులు, గొడవకి ముందు పేర్చే చిన్న చిన్న మాటలు ముందు పోతాయి. అవి పోతే తర్వాతి గందరగోళానికి పునాది ఉండదు.

25 నిమిషాల లోపు ఉన్నవన్నీ కోసినవే అనుకోవద్దు. బ్రిటన్ డీవీడీలు పాల్ పద్ధతి, మన దూరదర్శన్ లాగే. 24 ఫ్రేముల ఫిల్మ్‌ని 25తో నడుపుతారు. అందుకని 26 నిమిషాలది 24 నిమిషాల 58 సెకన్లకే అయిపోతుంది. సీన్లన్నీ ఉంటాయి, గొంతులు మాత్రం ఒక రవ్వ సన్నబడతాయి. డెజీ పాడే పాటల్లో అది తెలుస్తుంది.

డిస్కులు కొనేటట్టయితే: అమెరికా డీవీడీ రీజియన్ 1, మనది 5. అమెరికా బ్లూరే ఎ, మనది సి. ప్లేయర్ అన్ని రీజియన్లూ తీసుకుంటుందో లేదో చూసుకోకుండా డబ్బు పెట్టొద్దు. మొదటి రెండు సీజన్లకు 'అల్టిమేట్' పేరుతో బ్లూరేలు వచ్చాయి (2014, 2015). వాటిలో ఎపిసోడ్‌ని మొదట ప్రసారమైనట్టుగా, లూసీ డెజీల కార్టూన్ బొమ్మలు, సిగరెట్ ప్రకటనతో సహా చూసే వీలుంది. మనందరికీ తెలిసిన సాటిన్ గుడ్డ మీద గుండె బొమ్మ టైటిల్ తర్వాత రీరన్ల కోసం చేసింది.

చవక కలెక్షన్లతో జాగ్రత్త. పెట్టె మీద లూసీ బొమ్మ పెద్దగా ఉంటుంది, లోపల ఉండేది 'ది లూసీ షో'. అది 1962-68 మధ్య వచ్చిన వేరే సీరీస్, డెజీ నటించడు. కాపీరైట్ పొడిగించని ఎపిసోడ్లు అందులో చాలా ఉన్నాయి కాబట్టి ఎవరు పడితే వాళ్లు అమ్ముతారు. యూట్యూబ్‌లో దొంగగా ఎక్కించినవాటిలో బొమ్మని కుడి ఎడమలు తిప్పేస్తారు, శ్రుతి మారుస్తారు. బోర్డుల మీద అక్షరాలు తిరగబడి ఉంటే మూసేయండి.

---

పక్కింటి ఎథెల్:

ఎపిసోడ్ల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను.

మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టకండి. 1951 అక్టోబర్ 15న ప్రసారమైన 'ది గర్ల్స్ వాంట్ టు గో టు ఎ నైట్‌క్లబ్' మొదట తీసింది కూడా కాదు. ముందు తీసిన 'లూసీ థింక్స్ రికీ ఈజ్ ట్రయింగ్ టు మర్డర్ హర్' నాలుగో వారంలో వేశారు. అప్పటికి ఇంకా చేయి తిరగలేదు. లూసీ వాళ్ల ఇంటి ఓనర్లయిన ఎథెల్, ఫ్రెడ్ పాత్రలు కుదురుకోడానికి కూడా కొంత టైం పట్టింది.

నేనైతే మొదటి సీజన్‌లో 'లూసీ డజ్ ఎ టీవీ కమర్షియల్' (1952 మే 5) ముందు పెడతాను. లూసీ ఒక టానిక్ ప్రకటనలో నటించాలి, పేరు 'విటమీటావెజమిన్'. అందులో ఆల్కహాల్ ఉందని ఆమెకి తెలియదు. రిహార్సల్ పేరుతో చెంచా మీద చెంచా తాగుతుంది. మొదటి చెంచాకి ముఖం చూడండి: నోరు 'ఎంతో రుచి' అంటుంది, ముక్కూ కళ్లూ వేరే మాట చెబుతాయి. తర్వాత ప్రతి విడతలో అవే వాక్యాలు, ఒక్కో అక్షరం జారుతూ వస్తాయి. కాబట్టి మొదటి విడత మాటలు సబ్‌టైటిల్‌తో శ్రద్ధగా చదువుకోండి. అవి బుర్రలో ఉంటేనే తర్వాతి తప్పులు నవ్విస్తాయి. రెండో విడత నుంచి సబ్‌టైటిల్ ఆపేసినా నష్టం లేదు, నిజానికి ఆపేయాలి. అక్షరాలు జోకుని అర సెకను ముందే చెప్పేస్తాయి.

తర్వాత 'జాబ్ స్విచింగ్' (1952 సెప్టెంబర్ 15), రెండో సీజన్ మొదటిది. ఆ తర్వాత గర్భం వరస: 'లూసీ ఈజ్ ఆన్సాంత్' నుంచి 'లూసీ గోస్ టు ద హాస్పిటల్' దాకా. అప్పట్లో టీవీలో 'గర్భిణి' అనే ఇంగ్లిష్ మాట పలకనివ్వలేదు, అందుకే పేరులో ఫ్రెంచి మాట. స్క్రిప్టులు ముందుగా ఒక క్యాథలిక్ ప్రీస్టు, ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు, ఒక యూదు మతగురువు చూసి సరేననాలి. హాస్పిటల్ ఎపిసోడ్ 1953 జనవరి 19న వచ్చింది. అదే రోజు లూసిల్‌కి సిజేరియన్‌తో అసలు కొడుకు పుట్టాడు. టీవీ ఉన్న ఇళ్లలో 71.7 శాతం అది చూశాయి, సుమారు 4.4 కోట్ల మంది. మర్నాడు అమెరికా అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారం చూసినవాళ్లు అంతకంటే తక్కువ.

నాలుగో సీజన్ రెండో సగం హాలీవుడ్ ప్రయాణం, దాన్ని మాత్రం వరసగా చూడండి. 'ఎల్.ఏ. ఎట్ లాస్ట్!'లో సినిమా నటుడు విలియం హోల్డెన్, కొన్ని వారాలకి కమెడియన్ హార్పో మార్క్స్‌తో అద్దం ఆట. అయిదో సీజన్ యూరప్ యాత్ర, ద్రాక్షపళ్లు తొక్కే ఎపిసోడ్ ('లూసీస్ ఇటాలియన్ మూవీ') అందులోదే. ఆరో సీజన్ మధ్యలో కనెక్టికట్ పల్లెకి మారతారు. అక్కడికి వచ్చేసరికి నాకు ఊపు తగ్గినట్టే అనిపిస్తుంది.

రికీ కోపంలో స్పానిష్‌లోకి దిగితే సబ్‌టైటిల్ చాలాసార్లు 'స్పానిష్‌లో మాట్లాడుతున్నాడు' అని ఊరుకుంటుంది. ఏమీ పోగొట్టుకోవట్లేదు, అప్పటి అమెరికన్ ప్రేక్షకులకీ ఎక్కువమందికి అర్థం కాలేదు. అతని ఇంగ్లిష్ ఉచ్చారణని లూసీ ఒక్కతే వెక్కిరిస్తుంది, గమనించండి. వేరేవాళ్లు వెక్కిరిస్తే జనం నవ్వలేదని రచయితలు మానేశారు.

ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి. భార్యని ఒళ్లో వేసుకుని పిర్ర మీద కొట్టడం కొన్ని ఎపిసోడ్లలో జోకుగా వస్తుంది. పిల్లలతో చూసేవాళ్లు ముందే తెలుసుకోండి.

మన 'అమృతం' (జెమినీ, 2001-2007) అలవాటైనవాళ్లకి ఈ చట్రం కొత్తగా అనిపించదు: రెండు జంటలు, మధ్యలో ఇంటి ఓనర్, వారానికో పిచ్చి పథకం, చివరికి మళ్లీ మొదటికే. అక్కడ పథకాలు వేసేది మగాళ్లు, ఇక్కడ ఆడవాళ్లు. అమృతంలో ఓనర్ అప్పాజీ అద్దె కోసం పీడిస్తాడు. ఇక్కడ ఓనర్లయిన ఫ్రెడ్, ఎథెలే జిగ్రీ దోస్తులు.

---

నిర్మొహమాటి:

ఎథెల్ గారూ, మొదటి సీజన్‌ని అంత తేలిగ్గా దాటించకండి. 'పయొనీర్ విమెన్'లో ఓవెన్ తలుపు తీయగానే రొట్టె వంటింటి ఆ చివరిదాకా దూసుకొచ్చి లూసీని గోడకు నొక్కేస్తుంది. 'ది ఫ్రీజర్' కూడా అదే ఏడాదిది. 35 ఎపిసోడ్లున్న సీజన్, సగానికి పైగా బాగుంటాయి. ఊపు తగ్గిందన్న మాట ఆరో సీజన్ గురించి అయితే ఒప్పుకుంటా. అయిదో సీజన్ అయ్యాక ఒప్పెన్‌హైమర్ వెళ్లిపోయాడు.

---

చిన్నతెర పెద్దరికం:

జోడీలు అడిగారు కదా. మూడు చెబుతాను, మూడిట్లోనూ సీరీస్‌దే ముందు పీట.

'ద డిక్ వాన్ డైక్ షో' (1961-66), 'ద మేరీ టైలర్ మూర్ షో' (1970-77), ఆ తర్వాత డాక్యుమెంటరీ 'బీయింగ్ మేరీ టైలర్ మూర్' (2023). మొదటిది తీసింది డెజీలూ స్టూడియోలోనే. రెండోదానికి ఎక్కువ ఎపిసోడ్లు డైరెక్ట్ చేసిన జే శాండ్రిచ్ ఒకప్పుడు 'ఐ లవ్ లూసీ' సెట్లో అసిస్టెంట్ డైరెక్టర్. పని ఒకరి చేతి నుంచి ఒకరికి ఎలా వెళ్లిందో ఈ వరసలో తెలుస్తుంది. 'చకుల్స్ బైట్స్ ద డస్ట్' (1975) అనే ఎపిసోడ్‌ని అందరూ గొప్పదంటారు, గొప్పదే. దాన్ని మాత్రం మొదట చూడొద్దు. చావు ఇంట్లో మేరీ నవ్వు ఆపుకోలేకపోవడం పేలాలంటే, ఆమె ఎంత పద్ధతైన మనిషో అప్పటికి కనీసం పాతిక ఎపిసోడ్ల పరిచయం ఉండాలి.

రెండోది 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ' (1971-79), డాక్యుమెంటరీ 'నార్మన్ లియర్: జస్ట్ అనదర్ వెర్షన్ ఆఫ్ యూ' (2016). ఇది ఫిల్మ్ కాదు, వీడియోటేప్. కాబట్టి హెచ్‌డీ ఆశలు పెట్టుకోకండి. అప్పటి అమెరికా టేపులో బొమ్మ 480 గీతలే, తర్వాత ఎవరు ఎంత పెంచినా లేని వివరం రాదు. ఎవరైనా వేగంగా చెయ్యి కదిపినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు కనబడితే ఆ కాపీలో డీఇంటర్లేసింగ్ (బేసి, సరి గీతలుగా విడివిడిగా ఉన్న బొమ్మని ఒకటి చేయడం) సరిగ్గా చేయలేదని అర్థం. టీవీ సెట్టింగులతో బాగుపడదు, వేరే కాపీ వెతుక్కోవాలి. ఒక్కో ఎపిసోడ్‌ని రెండుసార్లు, ఇద్దరు వేర్వేరు ప్రేక్షక బృందాల ముందు రికార్డు చేసి మంచి ముక్కలు కలిపేవాళ్లు. చివరి సీజన్‌లో సెట్ ముందు జనమే లేరు. పూర్తయిన ఎపిసోడ్‌ని తర్వాత జనానికి చూపించి ఆ నవ్వులు రికార్డు చేశారు. మొదటి సీజన్‌దీ చివరి సీజన్‌దీ ఒక్కొక్కటి పక్కపక్కన పెట్టుకుని వింటే, నటులు నవ్వు కోసం ఆగే తీరులో తేడా పట్టుకోవచ్చు. సీరీస్‌లో ముఖ్య పాత్ర ఆర్చీ బంకర్ నోటి దురుసు మీద నవ్వాలా, ఆ నోటితో కలిసి నవ్వాలా అన్న గొడవ అప్పుడూ ఉంది. డాక్యుమెంటరీ దాన్ని ముట్టుకుంటుంది గానీ, ఆ సీరీస్ సృష్టికర్త లియర్ బతికుండగా, ఆయనే ఎదురుగా కూర్చుని తీయించుకున్నది. ఆ మేరకే అడుగుతుంది.

మూడోది, 'ద లారీ శాండర్స్ షో' (1992-98), ఆపైన జడ్ ఆపటవ్ తీసిన 'ద జెన్ డైరీస్ ఆఫ్ గ్యారీ శాండ్లింగ్' (2018). డాక్యుమెంటరీ రెండు భాగాలు, నాలుగు గంటలకు పైనే. ఇందులో నవ్వుల ట్రాక్ లేదు. టాక్ షో తెర మీద నడిచే ముక్కలు వీడియోలో, తెర వెనక కథ ఫిల్మ్‌లో తీశారు. బొమ్మ గుణం మధ్యలో మారుతుంటే మీ టీవీ పాడైందనుకోకండి. సీరీస్‌లో లారీగా నటించిన శాండ్లింగ్ ఆపటవ్‌కి గురువు లాంటివాడు, ఆ సీరీస్‌కి ఆపటవ్ పనిచేశాడు కూడా. కాబట్టి నిర్మొహమాటి గారు చెప్పిన తాళాల సంగతి ఇక్కడా వర్తిస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ చేతికి దొరికినవి శాండ్లింగ్ స్వయంగా రాసుకున్న డైరీలు, వాటిలో తనని తానే వదిలిపెట్టడు.

---

గోదారిగట్టు:

చాలా ఉపయోగపడింది. ఆఖరి ప్రశ్న: ఒక్క కూర్చోడులో ఎన్ని ఎపిసోడ్లు చూస్తే బాగుంటుంది? రంగులద్దిన ఎపిసోడ్లు కనబడుతున్నాయి, అవి చూడొచ్చా?

---

మూడోకెమెరా:

రెండు, మహా అయితే మూడు. ఇవి వారానికొకటి చూడటానికి రాసినవి. వరసపెట్టి ఆరు చూస్తే కథ అల్లే పద్ధతి ముందే తెలిసిపోయి, తలుపు తెరుచుకోకముందే లోపలికి ఎవరొస్తారో చెప్పేస్తారు.

రంగులవి సీబీఎస్ 2013 నుంచి పండగ స్పెషల్స్‌గా వేసినవి. ఒకసారి సరదాకి చూడొచ్చు. ఫ్రాయిండ్ వెలుతురు నలుపు తెలుపుకి లెక్కేసి పరిచింది కాబట్టి, రంగులు వేశాక ముఖాలు చదునుగా, గోడలు ముందుకొచ్చినట్టు ఉంటాయి. చాక్లెట్లని గోధుమ రంగులో చూడాలనిపిస్తే మాత్రం, ముందు ఒకసారి నలుపు తెలుపులో 'జాబ్ స్విచింగ్' చూసేసి ఆ తర్వాత పెట్టుకోండి.